నేరం జరిగిందో లేదో తేలకముందే దోషులైన తల్లిదండ్రులు

హత్య కేసుల్లో పోలీసులు మామూలుగా వెతికేది చంపింది ఎవరన్నది. శవం మీద కత్తిపోట్లు ఉంటాయి కాబట్టి హత్య జరిగిందా లేదా అన్న అనుమానం ఎవరికీ రాదు. ఇంట్లో పసిపిల్ల చనిపోయిన కేసులో ఈ వరస తిరగబడుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది తల్లీ తండ్రే కాబట్టి 'ఎవరు' అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. అసలు చంపడమనేది జరిగిందా, లేక జబ్బో ప్రమాదమో పామో ఆ బిడ్డను తీసుకుపోయిందా అన్నదే తేలాలి. అది చూసిన సాక్షి ఉండడు. పోస్టుమార్టం చేసిన డాక్టరో, ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టో, కాలిన ఇంటిని చూసిన అధికారో చెప్పాలి. అంటే నేరం జరిగిందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి నిపుణుడు. ఆయన పొరపడితే, జరగని నేరానికి బిడ్డను పోగొట్టుకున్న తల్లో తండ్రో జైలుకు పోతారు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో గత నలభై ఏళ్లలో ఇలాంటి కేసులు ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. వాటిని నల్లగొండ, పాలమూరు పల్లెల పరిస్థితుల పక్కన పెట్టి చదవాలి. డబ్బు, పేరున్న లాయర్లు, పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఉన్న దేశాల్లోనే ఒక్కో తప్పు బయటపడడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టింది. చందంపేట తండాలోని కూలి తల్లికి, నారాయణపేట నుంచి బొంబాయి పనికి పోయిన తండ్రికి అవేవీ అందుబాటులో లేవు.

కాలిన ఇల్లు చెప్పిందనుకున్న మాట

టెక్సాస్‌లోని కోర్సికానాలో 1991 డిసెంబర్ 23న ఒక ఇల్లు కాలిపోయింది. రెండేళ్ల అమ్మాయి, ఏడాది వయసున్న కవల ఆడపిల్లలు చనిపోయారు. తల్లి ఆ సమయానికి ఇంట్లో లేదు. ప్రాణాలతో బయటపడిన తండ్రి పేరు కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్. అగ్నిప్రమాదాల పరిశోధకులు నేల మీది కాలిన మచ్చలు చూసి, ఏదో ద్రవం పోసి అంటించారని తేల్చారు. కిటికీ అద్దాల్లో సన్నని పగుళ్ల వల చూసి, మంట మామూలు కంటే ఎక్కువ వేడితో లేచిందన్నారు. తగలబెట్టారనడానికి ఇలాంటి గుర్తులు ఇరవైకి పైగా ఉన్నాయని సాక్ష్యం చెప్పారు. 1992లో మరణశిక్ష పడింది, 2004 ఫిబ్రవరి 17న అమలైంది.

ఆ గుర్తుల్లో దేనికీ గట్టి శాస్త్రీయ ఆధారం లేదు. మూసి ఉన్న గదిలో మంట లేస్తే వేడి పొగ పైకప్పు కింద పేరుకుంటుంది. ఒక దశ దాటాక ఆ వేడికి గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒక్కసారే అంటుకుంటాయి. దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత నేల మీద మిగిలే మచ్చలు, పెట్రోలు పోస్తే పడే మచ్చల్లాగే ఉంటాయి. ఇది అప్పటికే తెలిసిన సంగతి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఇంటివాళ్లను తగలబెట్టాడని ఒకరి మీద కేసు పెట్టినప్పుడు, ప్రాసిక్యూషన్ తరఫు నిపుణులే 1991లో ఆ పక్కనున్న, అదే తీరులో కట్టిన ఇంటిని కాల్చి చూశారు. ద్రవమేమీ పోయకుండానే అయిదు నిమిషాల్లోపు గది మొత్తం అంటుకుంది, మచ్చలూ అలాగే పడ్డాయి. ఆ కేసు ఎత్తేశారు. అద్దాల పగుళ్ల సంగతీ అంతే. వేడెక్కిన గాజు మీద ఫైరింజన్ నీళ్లు పడితే అలా పగులుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

మరణశిక్షకు కొద్ది రోజుల ముందు జెరాల్డ్ హర్స్ట్ అనే శాస్త్రవేత్త ఇదంతా రాసి అధికారులకు పంపారు. శిక్ష ఆగలేదు. టెక్సాస్ ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ కోసం క్రెయిగ్ బేలర్ 2009లో ఇచ్చిన నివేదిక కూడా, కావాలని తగలబెట్టారనడానికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. అయినా విల్లింగ్‌హామ్‌ను అధికారికంగా నిర్దోషి అని ఎవరూ ప్రకటించలేదు. కూతురిని తగలబెట్టి చంపాడని పెన్సిల్వేనియాలో శిక్ష పడ్డ హాన్ టాక్ లీ 24 ఏళ్లు జైల్లో ఉండి 2014లో బయటికొచ్చారు. ఆయన్నీ ఇలాంటి మచ్చలే లోపలికి పంపాయి.

ఈ కేసులో మరచిపోకూడని సంగతి ఇంకొకటుంది. పిల్లల కోసం ఆ తండ్రి తల్లడిల్లిపోయాడని మొదట చెప్పిన ఇరుగుపొరుగు, పోలీసుల అనుమానం తెలిశాక మాట మార్చారు. పెద్దగా బాధపడలేదని, కారును పక్కకు తీసుకోవడం మీదే ధ్యాస పెట్టాడని చెప్పారు. వాళ్లు అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. నిపుణుడు 'హత్య' అన్నాక, అంతకుముందు చూసిందే వాళ్లకు ఇంకో రకంగా గుర్తొచ్చింది. నిపుణుడి మాట తప్పయితే అది ఒక్క తప్పుతో ఆగదు, మిగతా సాక్ష్యాన్నంతా తన వైపు లాక్కుంటుంది.

మన దగ్గర పత్తి ఏరాక రేటు కోసం ఇంట్లోనే, ముందు గదిలో కప్పు దాకా నింపుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. రేకుల కప్పు, చిన్న కిటికీ, లోపల పత్తి ఉన్న గదిలో మంట ఎంత వేగంగా లేస్తుందో, ఎలాంటి మచ్చలు మిగులుస్తుందో ఎవరైనా కాల్చి చూస్తే తప్ప చెప్పలేరు. ఇంకో ప్రమాదం శవం మీదే ఉంది. తీవ్రమైన వేడికి పుర్రె ఎముక దానంతటదే పగులుతుంది, పుర్రె లోపల రక్తం గడ్డలా చేరుతుంది, చర్మం చీలుతుంది. ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకాల్లో ఇవన్నీ ఉంటాయి. తెలిసిన డాక్టర్ వాటిని వేడి చేసిన గాయాలని గుర్తిస్తారు. తెలియకపోతే 'తల మీద కొట్టి, ఆ తర్వాత కాల్చారు' అని రాసే అవకాశం ఉంది. ఆ ఒక్క వాక్యంతో ప్రమాదం హత్యగా మారిపోతుంది.

లెక్కతో పడిన శిక్ష

ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ స్వయంగా లాయరు. ఆమె మొదటి కొడుకు 1996 డిసెంబర్‌లో, రెండో కొడుకు 1998 జనవరిలో, ఇద్దరూ మూడు నెలలు నిండకుండానే చనిపోయారు. మొదటి బిడ్డ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో పోయాడని రాసిన పాథాలజిస్టే (శవపరీక్ష చేసిన డాక్టరే), రెండో బిడ్డ పోయాక తన మొదటి అభిప్రాయం మార్చుకున్నాడు. విచారణలో పిల్లల డాక్టరుగా పెద్ద పేరున్న రాయ్ మెడో ఒక అంకె చెప్పారు. అలాంటి కుటుంబంలో కారణం తెలియకుండా ఒక శిశువు చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరు పోయే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అని. 1999 నవంబర్‌లో ఆమెకు యావజ్జీవం పడింది.

ఆ అంకె వచ్చింది 8,543ను 8,543తో గుణిస్తే. అలా గుణించాలంటే రెండు చావులకూ ఏ సంబంధమూ ఉండకూడదు. ఇద్దరూ ఒకే తల్లిదండ్రుల పిల్లలు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు, ఒకే జన్యువులు పంచుకున్నవాళ్లు. మొదటి బిడ్డను తీసుకుపోయిన కారణం రెండో బిడ్డలోనూ ఉండే అవకాశం ఎక్కువే. రెండో తప్పు ఇంకా లోతైనది. ఇద్దరు బిడ్డలు సహజంగా చనిపోవడం చాలా అరుదు, నిజమే. ఒక తల్లి ఇద్దరు బిడ్డల్నీ చంపడం కూడా చాలా అరుదే. రెండు అరుదైన సంగతుల్లో ఏది ఎక్కువ సంభవమో పోల్చి చూడాలి తప్ప, ఒకదాని అరుదుతనమే రెండోదానికి రుజువు కాదు. బ్రిటన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ఈ అంకెకు గణితపరమైన ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. రెండో బిడ్డ శరీరంలో జబ్బు తెచ్చే స్టెఫిలోకాకస్ బాక్టీరియా ఉందన్న ల్యాబ్ ఫలితాన్ని ఆ పాథాలజిస్టు బయటపెట్టలేదని కూడా తర్వాత తెలిసింది. 2003 జనవరిలో శిక్ష రద్దయింది. ఆమె 2007లో చనిపోయారు.

ఆస్ట్రేలియాలో కాథలీన్ ఫాల్బిగ్‌కు 1989 నుంచి 1999 మధ్య నలుగురు పిల్లలు పోయారు. 2003లో శిక్ష పడింది. 'నలుగురు పిల్లలు పోవడం యాదృచ్ఛికం కాదు' అన్న తర్కం, ఆమె డైరీలో తనను తాను నిందించుకుంటూ రాసుకున్న మాటలు ఆ కేసుకు ఆధారం. ఏళ్ల తర్వాత జన్యు శాస్త్రవేత్తలు చనిపోయిన ఇద్దరు ఆడపిల్లల నమూనాల్లో, తల్లిలో కూడా, కామ్-2 అనే జన్యువులో మార్పు ఉందని కనిపెట్టారు. అది గుండె లయను దెబ్బతీయగల మార్పు. 2023 జూన్‌లో క్షమాభిక్ష, అదే ఏడాది డిసెంబర్‌లో శిక్ష రద్దు. అప్పటికి జైల్లో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. బిడ్డ పోయిన తల్లి తనను తాను నిందించుకోవడం మన ఊళ్లలో కూడా రోజూ వినే మాటే. 'నేనే చంపుకున్నా నా బిడ్డను' అని గుండెలు బాదుకునే తల్లిని ఇక్కడ ఎవరూ నేరం ఒప్పుకుందని అనుకోరు. పంచనామా కాగితంలోకి ఎక్కితే మాత్రం ఆ మాటకు అర్థం మారిపోగలదు.

మార్చురీ దాకా వచ్చే దారి

తండాలోనో గూడెంలోనో బిడ్డ తెల్లారేసరికి చనిపోయి కనిపిస్తుంది. ఎవరో అనుమానపడి స్టేషన్‌కు చెబుతారు. అనుమానాస్పద మృతిగా కేసు, పంచుల ముందు శవపంచనామా, ఆ తర్వాత దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట లాంటి చోట ప్రభుత్వ ఆసుపత్రి మార్చురీ. పోస్టుమార్టం చేసేది ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్. ఓపీ చూసి, కాన్పులు చేసి, మధ్యలో వచ్చి చేస్తారు. ఆయన నిజాయితీని ఇక్కడ ఎవరూ శంకించడం లేదు. పసిపిల్లల పోస్టుమార్టం పెద్దల పోస్టుమార్టం కంటే చాలా కష్టమైన పని. మెదడు, గుండె, ఊపిరితిత్తుల ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి, ఒళ్లంతా ఎక్స్‌రే తీయాలి, ఇన్ఫెక్షన్ పరీక్షలు చేయాలి. ఇవేవీ లేకుండా కళ్లతో చూసి రాసిన అభిప్రాయం మీద ఒక మనిషి జీవితం ఆధారపడకూడదు.

కెనడాలోని ఒంటారియోలో ఇదే జరిగింది. చార్లెస్ స్మిత్ అనే డాక్టర్ పిల్లల పాథాలజిస్టు. ఫోరెన్సిక్‌లో ప్రత్యేక శిక్షణ లేదు. ఏళ్ల తరబడి పిల్లల చావుల కేసుల్లో ఆయన మాటే చివరి మాట. తర్వాత ఆయన చేసిన 45 కేసులను నిపుణులు మళ్లీ చూస్తే, 20 కేసుల్లో ఆయన తేల్చినవి సందేహాస్పదమని బయటపడింది. తల్లిదండ్రులు, బంధువులు ఏళ్లకేళ్లు జైల్లో గడిపారు. 2008లో జస్టిస్ గౌడ్జ్ విచారణ నివేదిక వచ్చాక ఆ రాష్ట్రం మొత్తం పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది.

శిశువు శవం మీద కనిపించేవన్నీ గాయాలు కావు. చనిపోయాక రక్తం కిందికి దిగి, నేలకు ఆనిన వైపు చర్మం ఊదా రంగుకు తిరుగుతుంది. చాలామంది మన పిల్లలకు పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలం మచ్చలు ఉంటాయి. ఈ రెండూ కమిలిన దెబ్బల్లా కనిపిస్తాయి. మట్టి నేల మీద కొన్ని గంటలు శవం ఉంటే చీమలు కొరికిన చోట చర్మం లేచి, గీరుకుపోయిన గాయంలా ఉంటుంది. జబ్బు చేసిన పిల్లలకు కడుపు మీద వాతలు పెట్టే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. అది ఆపాల్సిన అలవాటే, కానీ ఆ వాత చంపాలని పెట్టింది కాదు. ఆ ఊరి సంగతి తెలియని నిపుణుడు ఈ మచ్చల్ని ఎలా చదువుతాడో ఊహించవచ్చు.

కట్లపాము సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఇది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర వాపు, నొప్పి ఉండవు, ఒక్కోసారి పంటి గుర్తు కూడా కనిపించదు. బిడ్డ కడుపునొప్పి అంటుంది, వాంతి చేసుకుంటుంది, కళ్లు మూతలు పడతాయి, ఊపిరి ఆగిపోతుంది. పత్తి చేల మధ్య, మూలన పురుగుమందు డబ్బా ఉన్న ఇంట్లో ఈ లక్షణాలు చూసిన ఎవరికైనా మొదట తోచేది విషం పెట్టారనే. విసెరా పరీక్షలో, అంటే శవం లోపలి అవయవాల ముక్కల్ని ల్యాబ్‌లో చూసేటప్పుడు, పురుగుమందులు, ఇతర రసాయనాల కోసం చూస్తారు. పాము విషం కోసం మామూలుగా చూడరు. పురుగుమందు లేదని రిపోర్టు వస్తే, 'ఊపిరాడకుండా చేసి ఉండవచ్చు' అన్న ఊహ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇలాంటిదే ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. 1980 ఆగస్టు 17న ఉలురు కొండ దగ్గర గుడారంలోంచి తొమ్మిది వారాల బిడ్డను డింగో అనే అడవి కుక్క ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లెయిన్ మొదటి నిమిషం నుంచీ చెప్పింది. జనం నమ్మలేదు. కారులో దొరికినది శిశువు రక్తమని ఫోరెన్సిక్ నిపుణులు చెప్పారు, 1982లో ఆమెకు జీవితఖైదు పడింది. తర్వాత విచారణ కమిషన్ చూస్తే, రక్తమన్న ఆ చుక్కల్లో ఉన్నది కారు తయారీలో చప్పుడు తగ్గించడానికి చల్లే పదార్థం. 1986లో బిడ్డ చొక్కా డింగోలు తిరిగే చోట దొరికింది, 1988లో శిక్ష రద్దయింది. బిడ్డ మరణానికి డింగోనే కారణమని కరోనర్, అంటే మరణ కారణం తేల్చే అధికారి, అధికారికంగా రాసింది 2012లో. ముప్పై రెండేళ్లు పట్టింది.

నల్లగొండకే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఎముకలు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగారు. 1970లలోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం, కాళ్లూ చేతుల ఎముకలు పలచబడడం గురించి రాశారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది. అయినా కాల్షియం, విటమిన్ డి లోపం పేద ఇళ్ల పిల్లల్లో ఇప్పటికీ ఉంది. బలహీనమైన ఎముక చిన్న దెబ్బకే విరుగుతుంది. ఎక్స్‌రేలో విరుపు కనిపించగానే 'కొట్టారు' అనే ముందు ఆ బిడ్డ ఎముకల గట్టిదనం చూడాలి, తల్లి ఏం తిన్నదో, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో అడగాలి.

అప్పుడే పుట్టిన శిశువు శవం దొరికితే వచ్చే సమస్య వేరు. బిడ్డ ప్రాణంతో పుట్టిందా, చనిపోయే పుట్టిందా అని తేల్చడానికి ఊపిరితిత్తుల్ని నీళ్లలో వేసి చూసే పరీక్ష 17వ శతాబ్దం నుంచి ఉంది. తేలితే ఊపిరి తీసుకుందని, మునిగితే తీసుకోలేదని. ఈ పరీక్షను నమ్మడానికి లేదు. శవం కుళ్లితే లోపల గాలి పుట్టి, ఊపిరి తీసుకోని ఊపిరితిత్తి కూడా తేలుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు దాటే నల్లగొండ ఎండలో కుళ్లడానికి ఎంతసేపు? మంత్రసాని నోట్లో నోరు పెట్టి గాలి ఊదినా తేలుతుంది. నెలలు నిండకుండా పుట్టి కొన్ని గంటలు బతికిన బిడ్డ ఊపిరితిత్తులు మునగవచ్చు కూడా. ఇంట్లో ఒంటరిగా కాన్పయి, చచ్చిపుట్టిన బిడ్డను భయంతో ఎక్కడో పూడ్చిన పెళ్లికాని అమ్మాయి చేసింది నేరమే కావచ్చు. పుట్టుకను దాచడానికి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. నీళ్లలో తేలిన ముక్క ఆధారంగా అదే పని హత్య అయిపోతే జీవితఖైదు.

అనుమానం ముందు, పరీక్ష తర్వాత

1990ల చివర, 2000ల మొదట్లో దేవరకొండ ప్రాంత తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాలు, శిశుహత్యల వార్తలు దేశమంతా చదివింది. పేదరికం, వరకట్నం కలిసి తెచ్చిన దుర్మార్గం అది, దాన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. తల్లిదండ్రుల చేతుల్లో పిల్లలు చనిపోవడం నిజంగా జరుగుతుంది, ఆ పిల్లల తరఫున మాట్లాడగలిగేది చాలాసార్లు ఫోరెన్సిక్ సైన్స్ ఒక్కటే. అందుకే అది గట్టిగా ఉండాలి. బలహీనమైన పరీక్ష అమాయకుణ్ణి జైలుకు పంపినట్టే, నిజంగా చంపినవాణ్ణి వదిలేస్తుంది కూడా. ఒక ప్రాంతానికి వచ్చిన పేరు మాత్రం ఈ ఇంట్లో, ఈ రాత్రి ఏం జరిగిందో చెప్పదు. పోస్టుమార్టం టేబుల్ దగ్గరికి వచ్చే పోలీసు లేఖలోనే 'మూడో ఆడపిల్ల, తల్లిపై అనుమానం' అని ఉంటే, ఆ తర్వాత కనిపించే ప్రతి మచ్చనూ డాక్టర్ ఆ వాక్యంలోంచే చూస్తారు. మనిషి మెదడు అలాగే పనిచేస్తుంది.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక మహిళను నిర్దోషిగా విడుదల చేసింది. భర్త వదిలేస్తే ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ఆమె నవజాత శిశువును చంపి కుంటలో పడేసిందని కింది కోర్టు జీవితఖైదు వేసింది, హైకోర్టు సమర్థించింది. చనిపోయిన శిశువుకూ ఆమెకూ సంబంధం ఉందని నిరూపించే ఆధారమే లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటరి స్త్రీ అన్న కారణంతో సరైన సాక్ష్యం లేకుండా నేరం అంటగట్టడం, ఆడవాళ్ల మీద ఉన్న పాత ముద్రల్ని బలపరచడమేనని వ్యాఖ్యానించింది. ఫోరెన్సిక్ తప్పు చేసిన కేసు అనడం కంటే, ఫోరెన్సిక్ చేయాల్సిన పని చేయకుండానే శిక్ష పడిన కేసు అనాలి.

ప్రవర్తనను సాక్ష్యంగా చూడడం కూడా ఇందులో భాగమే. టెక్సాస్‌లో రాబర్ట్ రాబర్సన్ అనే తండ్రికి 2003లో మరణశిక్ష పడింది, రెండేళ్ల కూతురిని గట్టిగా ఊపి చంపాడని. ఆసుపత్రిలో ముఖంలో ఏ భావమూ లేదన్నది అతని మీద పడిన పెద్ద అనుమానం. అతనికి ఆటిజం, అంటే భావాలు బయటికి చూపించే తీరు వేరుగా ఉండే స్థితి, ఉందని తేలింది 2018లో. 2024 అక్టోబర్‌లో శిక్ష అమలు చివరి గంటల్లో ఆగింది. బిడ్డ పోతే ఏడవని తండ్రి, మరీ ఎక్కువ ఏడ్చే తల్లి, అంత్యక్రియలకు తొందరపడే తాత, వీళ్లలో ఎవరి మీదైనా ఊరు వేలెత్తి చూపగలదు. ఎలా దుఃఖపడితే నిర్దోషో ఏ పుస్తకంలోనూ లేదు.

కోర్టులో ఆ మాటకు ఎంత బరువు

భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ ప్రకారం నిపుణుడి మాట ఒక అభిప్రాయం. కోర్టు దాన్ని పరిశీలించవచ్చు, ఒప్పుకోవాల్సిన పని లేదు. హిమాచల్ ప్రదేశ్ వర్సెస్ జైలాల్ కేసులో 1999లో సుప్రీంకోర్టు, నిపుణుడు తన నిర్ణయానికి ఎలా వచ్చాడో ఆ శాస్త్రీయ ప్రమాణాలను జడ్జి ముందు పెట్టాలని, వాటితో జడ్జి తనంతట తాను తేల్చుకోవాలని చెప్పింది. చట్టంలో కొరత లేదు. ఆచరణలో జరిగేది వేరు. సాక్ష్య అధినియం 109వ సెక్షన్, అంటే పాత సాక్ష్య చట్టంలోని 106, ఒకరికి మాత్రమే తెలిసిన సంగతిని వాళ్లే వివరించాలంటుంది. ప్రాసిక్యూషన్ తన భారం దించుకోవడానికి ఈ సెక్షన్ వాడకూడదని 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, 'ఇంట్లో ఉన్నది నువ్వే కదా, ఏం జరిగిందో చెప్పు' అనే ప్రశ్న తల్లిదండ్రుల మీదే పడుతుంది. నిద్రలో బిడ్డ ఎందుకు పోయిందో పెద్ద పెద్ద ఆసుపత్రులే చెప్పలేని సందర్భాలుంటాయి. పక్కన పడుకున్న తల్లి ఎలా చెప్పగలదు?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లో రెండు సంగతులు జిల్లా వకీళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించి వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) చెబుతుంది. రాష్ట్రాలకు దీని అమలుకు అయిదేళ్ల గడువుంది. ఇది మంచిదే. రెండోది జాగ్రత్తగా చూడాల్సినది. ఆ సంహిత 330వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ ఇచ్చిన పత్రాలను ఒప్పుకుంటారో లేదో 30 రోజుల్లో చెప్పాలి. రిపోర్టును ఎవరూ సవాలు చేయకపోతే నిపుణుణ్ణి కోర్టుకు పిలవనవసరం లేదు. వాయిదాల ఒత్తిడిలో వకీలు ఆ కాగితం మీద 'అభ్యంతరం లేదు' అని సంతకం పెడితే, నేరం జరిగిందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్షిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వదిలేసినట్టే.

లేబుల్ మీది ఒక్క అక్షరం కూడా ఎంత పని చేస్తుందో కూతురు ఆరుషి హత్యలో తల్లిదండ్రుల్నే నిందితుల్ని చేసిన నోయిడా తల్వార్ దంపతుల కేసు చూపించింది. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, సీడీఎఫ్‌డీ, 2008లో ఇచ్చిన రిపోర్టులో ఒక దిండు గలీబు మీది డీఎన్‌ఏ వివరం తల్లిదండ్రులకు అనుకూలంగా ఉంది. 2011లో సీబీఐ అడిగాక, అది టైపింగ్‌లో జరిగిన పొరపాటని, రెండు వస్తువుల వివరాలు తారుమారయ్యాయని ఆ కేంద్రం జవాబిచ్చింది. 2013 నవంబర్‌లో తల్లిదండ్రులకు జీవితఖైదు పడింది, 2017 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. కొన్ని అంకెల్ని ముందే నిజమనుకుని లెక్కల టీచరు లెక్క చేసినట్టు కింది కోర్టు తీర్పు రాసిందని తప్పుబట్టింది. ఇద్దరూ చదువుకున్న డాక్టర్లు, దేశంలో పేరున్న లాయర్లు వాదించారు. అయినా నాలుగేళ్లు జైల్లో ఉన్నారు.

నల్లగొండ సెషన్స్ కోర్టులో అలాంటి కేసు వస్తే, ఎదురు నిపుణుణ్ణి తెచ్చుకునే స్తోమత ఎవరికుంటుంది? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పాథాలజిస్టును ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, అక్కడ ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగాలున్నాయి. అనుమానం ఉన్న ప్రతి శిశు మరణాన్నీ ఏరియా ఆసుపత్రిలో తేల్చకుండా అక్కడికి పంపడం, పిల్లల డాక్టర్‌తో కలిసి ఇద్దరు పోస్టుమార్టం చేయడం, మొత్తం వీడియో తీయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

శిక్ష పడ్డాక సైన్సు మారితే ఏం చేయాలన్నదానికి మన దగ్గర సరైన దారి లేదు. బ్రిటన్‌లో అనుమానం ఉన్న పాత శిక్షల్ని మళ్లీ పరిశీలించి అప్పీలు కోర్టుకు పంపే స్వతంత్ర కమిషన్ 1997 నుంచి పనిచేస్తోంది. టెక్సాస్ 2013లో, శిక్షకు ఆధారమైన సైన్సు తప్పని తేలితే కేసు మళ్లీ తెరవడానికి ప్రత్యేక చట్టం చేసింది. ఇక్కడ అప్పీళ్లు అయిపోతే సుప్రీంకోర్టునే తన తీర్పు మళ్లీ చూడమని అడిగే రివ్యూ, క్యూరేటివ్ పిటిషన్లు, ఆ తర్వాత గవర్నర్, రాష్ట్రపతి క్షమాభిక్ష. క్షమాభిక్ష అంటే తప్పు చేశావు కానీ వదిలేస్తున్నాం అన్నట్టే, చంచల్‌గూడ మహిళా జైల్లో ఉన్న తల్లి అడిగేది అది కాదు. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం కోసం చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ చట్టం ఇంకా రాలేదు.

కమిషన్లు, చట్టాలు వచ్చేదాకా జిల్లా కోర్టులోనే చేయగలిగిన పని ఒకటుంది. ఫాల్బిగ్ పిల్లల నమూనాలు దశాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి కాబట్టే, ఆ జన్యు పరీక్ష ఇంకా పుట్టని కాలంలో పోయిన బిడ్డల గురించి 2019 తర్వాత శాస్త్రవేత్తలు మాట్లాడగలిగారు. మన కేసుల్లో పోస్టుమార్టంలో తీసిన కణజాలం ముక్కలు, స్లైడ్లు, ఎక్స్‌రేలు, రక్తపు మరకలు అప్పీళ్లన్నీ ముగిసేదాకా పారేయకూడదని, వాటి నకళ్లు డిఫెన్స్‌కు ఇవ్వాలని వకీలు మొదటి వాయిదాలోనే పిటిషన్ వేయవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పేజీ కాగితం చాలు.